కొండెక్కని దీపం

మీరు చెప్పిన చోట మాకేమీ కనిపించలేదు.

ఇంగ్లీషులో ఎంత మర్యాదగా చుట్టి రాసినా లోపలున్న మాట అదే. ఇది మూడో జాబు. మొదటిది చిలీ నుంచి వచ్చింది, రెండోది స్పెయిన్ నుంచి, ఇప్పుడు ఆస్ట్రేలియా నుంచి. పెన్నోబిలేసుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్‌ను కళ్ళద్దాల ఫ్రేముల మధ్య బోర్లా పడేసి, ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దాయన వైపు తిరిగాడు.

"కింది వరస చదువు తాతా."

"కింద ఏమీ కనపల్లేదప్పా."

"నీగ్గూడా కనపల్లేదా!"

ఆ కసురుకు పెద్దాయన బిత్తరపోయి, అట్ట మీద లేని అక్షరాలు నాలుగు గబగబా చదివేశాడు. పాపం, ఆయన తప్పేముంది? ఓబిలేసుకు సిగ్గేసింది. అద్దం మార్చి, రోంత మెత్తగా మళ్ళీ అడిగాడు.

రాయదుర్గంలో ఓబిలేసు కళ్ళద్దాల అంగడి ఇరవై ఏళ్ళుగా ఉంది. అద్దాలు అరగదీయడంలో ఆయన చెయ్యి గొప్పది. ఆ చేత్తోనే పదంగుళాల అద్దమొకటి ఏడాదిన్నర పాటు అరగదీసి, ప్లాస్టిక్ గొట్టంలో బిగించి, మిద్దె మీద టెలిస్కోపు నిలబెట్టుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చందమామనూ శనిగ్రహాన్నీ వీధి పిల్లలకు చూపించుకుంటూ హాయిగా ఉండేవాడు. ఆయన కన్ను మాత్రం నీహారికల మీద పడింది. అందులోనూ గ్రహ నీహారికల మీద.

"పేరులో గ్రహముండాది, అది గ్రహం కాదంటావు. ఇంగేందిరా అది?" అని మొదట్లోనే అడిగింది వాళ్ళ అక్క సుంకమ్మ.

"ముసలి నక్షత్రం పోయే ముందర ఒంటి మీది గాలినంతా బయటికి ఊదేస్తాదక్కా. ఆ గాలి చుట్టూ వెలుగుతాది, ఉంగరం మాదిరి. ఎప్పుడో ఎవరో చూసి గ్రహమనుకొని పేరు పెట్టేసినారు. అదే నిలబడిపోయింది."

"అయితే మన ఇంటికి పట్టిన గ్రహం అదే," అంది సుంకమ్మ.

పేరున్న నీహారికలన్నీ ఎవరో ఒకరు ఫొటో తీసేసినవే. మిగిలినవి ఎంత మసకవంటే, వాటి వెలుగు ఎక్కడెక్కడో దారి తప్పి, గంటకు పదో ఇరవయ్యో నలకలు మాత్రమే కెమెరా దాకా వస్తాయి. మామూలు కెమెరాకు అవి కనబడవు, దాని వేడికి పుట్టే మచ్చల్లోనే అవి కలిసిపోతాయి. అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే మెహరున్నీసా మేడం అలా కలిసిపోకుండా ఉండే కెమెరా బిళ్ళ ఒకటి తయారు చేసింది. రూపాయి బిళ్ళంత ఉంటుంది. వెలుగు నలక ఒక్కటి తగిలినా లెక్కేస్తుంది. మంచు పెట్టి చల్లబరచక్కర్లేదు, దానికి ఎండాచలీ ఒకటే. అద్దాల కోసం అంగడికి వచ్చినప్పుడు ఓబిలేసు మిద్దె సంగతి తెలిసి, పోయిన డిసెంబరులో ఆ బిళ్ళను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నిజమైన ఆకాశం మీద ఒక్కసారి అది గెలిస్తే చాలు, తన ల్యాబు గది తనకు మిగులుతుందని చెప్పింది.

జనవరి ఆఖరుకు బిళ్ళ గెలిచింది. సింహరాశి తోక దగ్గర, ఏ పటంలోనూ ఏమీ లేని చోట, చిన్న సున్నా లాంటి వలయం తేలింది. ఓబిలేసు ఆ రోజు అంగడి తెరవలేదు. కొత్త నీహారికల జాబితా రాసిపెట్టే సంఘానికి పంపించాడు. వస్తువు పేరు అని ఉన్న చోట 'పెన్నోబిలేసు-1' అని రాశాడు.

"ఒకటేనా? రెండూ మూడూ యాడ పెట్టినావు?" అని నవ్వింది సుంకమ్మ.

ఇప్పుడు ఏప్రిల్. సంఘం వాళ్ళు జాబితాలో ఎక్కించే ముందు వేరే వాళ్ళ చేత చూపిస్తారు. ముగ్గురు చూశారు. ముగ్గురికీ అక్కడ చీకటే కనిపించింది.

*

రాత్రి ఎనిమిదిన్నరకు మిద్దె మీద పని మొదలైంది. ముందు దీపాలు. వీధి వైపు కిటికీకి గోనెపట్టా, మెట్ల దగ్గర బల్బు తీసేయడం, ఫ్రిజ్జు తలుపు సందుకు టేపు, ఇంటర్నెట్ డబ్బా మీద మిణుకుమనే పచ్చ చుక్కకు కూడా టేపు. ఇంట్లో 'ఆర్పేయ్' అనే మాటను సుంకమ్మ రానివ్వదు. దీపాన్ని ఆర్పుతారా ఎవరైనా? కొండెక్కిస్తారు. అన్నీ అయ్యాక బడిపిల్లల నోటుబుక్కులో ఆమె ప్రతి రాత్రీ మొదటి వరసలో అదే రాస్తుంది. ఆ రోజు కూడా రాసింది. 8:40, దీపం కొండెక్కింది.

తర్వాత ఆమె టెలిస్కోపు అడుగున పీట వేసుకుని కూర్చుంది. అక్కడే ఆమె పని. ఆకాశం తిరుగుతుంటే గొట్టం కూడా దాంతోపాటు తిరగాలి. మోటారు ఉండేది, కాలిపోయింది. తెప్పించిన రెండోది వారానికే గుర్రుమని ఆగింది. మూడోదాని జోలికి పోకుండా ఓబిలేసు పాత కుట్టుమిషను చక్రాన్ని మరకు బిగించాడు. పక్కనే ఉన్న చిన్న దుర్భిణిలో కన్ను పెట్టి, నక్షత్రం గీత దాటకుండా చక్రాన్ని నలుసంత నలుసంత తిప్పాలి. పదేళ్ళు జీన్స్ ప్యాంట్లు కుట్టిన సుంకమ్మ చేతికి అది కుట్టు వెనక కుట్టు వేసినట్టే. ఓబిలేసు తిప్పితే నక్షత్రాలు తోకలు తెచ్చుకుంటాయి. ఆమె తిప్పితే ఆవగింజల్లా గుండ్రంగా వస్తాయి.

"నీ ఉంగరం ఉన్న చోటే ఉండాది కదా?" అంది కన్ను తీయకుండానే.

"నువ్వు మాట్లాడకుండా తిప్పక్కా."

ఆమె దగ్గింది. నక్షత్రం కదిలింది.

"అబ్బా! ఇరవై నిమిషాల ఫొటో పాయె!"

"దగ్గొస్తే ఏం చేసేది? మింగుదునా?"

"నాల్రోజుల్నుంచి చెప్తాండా, మిరియాల కషాయం తాగమని."

"తాగినా. నాల్రోజుల్నుంచి కాదురా, మూడు నెల్లనుంచి తాగుతాండా," అంది సుంకమ్మ. ఓబిలేసు అప్పటికే కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

దిగడానికి చోటేదీ? బుర్రంతా ఆ మూడు జాబులే. నాకు కనిపించేది వాళ్ళకెందుకు కనపడదు? వాళ్ళ కెమెరాలు మోటు, మేడం బిళ్ళ లాంటిది వాళ్ళకు లేదు, అంతే. అట్లాగని రాస్తే, 'మా దగ్గర ఎనభై గంటల ఫొటో ఉంది' అని జవాబు. నా దగ్గర కూడా ఉందయ్యా ఎనభై గంటలు! ఆ ఎనభై గంటలూ మా అక్క చేత్తో తిప్పింది! పళ్ళు కొరుక్కుంటూ తెల్లారగట్ల దాకా తీశాడు. వలయం వచ్చింది. పోయిన నెలకంటే కూడా తేటగా వచ్చింది.

పొద్దున సుంకమ్మ ఆరింటికే లేచి ఫ్యాక్టరీకి వెళ్ళింది. అంగడికి పోయే ముందు ఓబిలేసు మూత ఫొటోలు తీశాడు. గొట్టానికి మూత పెట్టి, ఏ వెలుగూ లేకుండా బిళ్ళ తనంతట తాను పుట్టించే మచ్చలేవో ఫొటో తీసి, రాత్రి ఫొటోల్లోంచి వాటిని తీసివేయాలి. మిగిలేదే అసలైన ఆకాశం. మామూలు కెమెరాతో ఈ పని రాత్రి చలిలోనే చేయాలి. ఈ బిళ్ళకు ఎండాచలీ ఒకటే కాబట్టి రాత్రి నిమిషాలు పాడు చేసుకోవడమెందుకని ఓబిలేసు పగలే తీసేవాడు. టెలిస్కోపుకు నిలువెల్లా నల్ల కంబళి చుట్టి, తాడు కట్టి మరీ తీసేవాడు. తన తెలివికి తనే మురిసిపోయిన పని అది.

*

ఆదివారం సుంకమ్మకు జ్వరం వచ్చింది. "పడుకోక్కా, నేనే తిప్పుకుంటా," అని ఓబిలేసు పెద్ద మనసుతో అన్నాడు గానీ లోపల గొణుక్కుంటూనే మెట్లెక్కాడు. నాలుగు గంటలు చక్రం తిప్పాడు. మెడ పట్టేసింది. నక్షత్రాలకు తోకలొచ్చాయి. వలయం మాత్రం ఉందా లేదా అన్నట్టు వచ్చింది.

"నా చెయ్యి మంచిది కాదు," అని తన చేతినే తిట్టుకున్నాడు. చెయ్యి వణికితే నక్షత్రాలు సాగుతాయి, నీహారిక చెరిగిపోతుంది, అంతే కదా. ఇంకోలా ఆలోచించాలని ఆయనకు తట్టలేదు.

సోమవారం సాయంత్రం జ్వరం తగ్గీ తగ్గకముందే సుంకమ్మ పనికి పోయి వచ్చింది. గోధుమరంగు మరకలు పడిన గోళ్ళతో కంచంలో రాగిముద్ద చిదుముతోంది. ఆ మరకలు ఎన్నిసార్లు కడిగినా పోవు. "ఎవరి పెళ్ళక్కా, గోరింటాకు పెట్టుకున్నావు?" అని వీధిలో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆమె కూడా నవ్వేస్తుంది.

"ఈ రోజు వస్తావా మిద్దె మీదికి?" అన్నాడు ఓబిలేసు, అడగొద్దనుకుంటూనే.

"రాకపోతే నీ మొహం చూసేదెట్ల? మాడిపోయిన పెనం మాదిరి ఉండాది," అంది ఆమె.

ఆ రాత్రి మేడం కూడా వస్తానని ఫోన్ చేసింది.

*

మెహరున్నీసా వచ్చేసరికి తొమ్మిదైంది. బస్సు దిగి నేరుగా వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, నిదానంగా మాట్లాడుతుంది. ఆ నిదానమే ఓబిలేసుకు ఒక్కోసారి మంటెక్కిస్తుంది.

"ఓబిలేసన్నా, ఒక మాట చెప్తాను, కోప్పడొద్దు. జనవరి ఫొటోల నుంచి మొన్నటి దాకా ఒక్కొక్కటీ విడిగా కొలిచాను. వలయం వెలుగు రెండింతలైంది."

"అందుకే కదా మేడం చెప్తాండేది! రోజురోజుకూ తేటగా వస్తాంది!"

"గ్రహ నీహారిక అట్లా పెరగదు. కొంచెం మారాలన్నా వందల ఏళ్ళు పడుతుంది. మూడు నెలల్లో రెండింతలు కాదు."

"ఈ నక్షత్రం పెరుగుతాందేమో. కొత్త రకమేమో!"

"కావచ్చు," అంది ఆమె. "అయితే ఈ రోజు ఒక్క పని చేద్దాం. రోజూ మీరు ఆ ఒకే నక్షత్రాన్ని గీతల మధ్య పెడతారు కదా. ఇవాళ పక్కకు జరపండి. తెర మీద అంగుళం చాలు."

ఓబిలేసు గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ నక్షత్రాన్ని ఆ గీత మీదే పెట్టాలన్నది ఆయన పద్ధతి. ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలంటే అదే సులువు. ఉత్తరం వైపు ఫ్యాక్టరీ పెద్ద లైటు కొడుతుంది కాబట్టి గొట్టాన్ని అటు తిప్పిందీ లేదు. మూడు నెలలూ ఒకే గది, ఒకే మూల, ఒకే గీత అన్నట్టు గడిపాడు.

"జరిపితే ఏమొస్తాది?"

"వలయం ఆకాశంలో ఉంటే నక్షత్రాలతో పాటు జరుగుతుంది. మన దగ్గరే ఉంటే జరగదు."

"మన దగ్గరే ఉండడమేంది మేడం!" ఆయన గొంతు లేచింది. "మీరు కూడా ఆ స్పెయిన్ వాని మాదిరి మాట్లాడ్తాండారే!"

"జరపరా," అంది సుంకమ్మ పీట మీద నుంచి. "జరిపితే అరిగిపోతాదా?"

జరిపాడు. ఇరవై నిమిషాల ఫొటో. ముగ్గురూ చీకట్లో ఉక్కపోతలో కూర్చున్నారు. సుంకమ్మ దగ్గును పమిటలో అదిమింది. ఫొటో తెర మీదికి వచ్చింది. నక్షత్రాలన్నీ అంగుళం పక్కకు పోయాయి. వలయం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, గోడ మీద మరకలాగా.

ఓబిలేసు లేచి మిద్దె గోడ దాకా నడిచాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ నడిచాడు. ఎనభై గంటలు. మూడు దేశాల వాళ్ళతో జగడం. సంఘం వాళ్ళకు తను రాసిన పొగరు జాబులు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు. ఏడుపు రాలేదు. ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని ఎత్తి వీధిలోకి విసిరేద్దామన్నంత కసి వచ్చింది.

"అన్నా, విసిరేయడం తర్వాత," అంది మెహరున్నీసా, ఆయన మనసు చదివినట్టే. "ముందు వెలుగు ఎక్కడి నుంచి దూరుతుందో చూద్దాం. మూత ఫొటోల్లో ఈ వలయం ఎందుకు లేదు?"

"మూత ఫొటోలు పగలు తీస్తా. కంబళి చుట్టి."

"అడుగు కూడా చుడతారా?"

"నిలువెల్లా చుడతా."

ఆమె గొట్టం అడుగున చెయ్యి పెట్టి తడిమింది. అద్దం త్వరగా చల్లారాలని ఓబిలేసు అద్దానికీ గొట్టానికీ మధ్య వేలు పట్టేంత సందు చుట్టూ వదిలాడు. గుండ్రటి సందు. అందులోంచి వెలుగు దూరితే బిళ్ళ మీద సున్నాగానే పడుతుంది. కంబళి తెచ్చి ఆ సందుకు అడ్డం పెట్టి ఇంకో ఫొటో తీశారు. వలయం లేదు. సింహం తోక దగ్గర పటాల్లో ఉన్నట్టే వట్టి చీకటి.

"కింద ఏ దీపమైనా ఉండిపోయిందా అక్కా?" అని అడిగింది మెహరున్నీసా.

"అన్నీ కొండెక్కినాయమ్మా. నేనే రాసినా, చూడు."

నిజమే. మిద్దె మీద చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత చీకటి. ఆ చీకట్లో వెలుగెక్కడిది?

మెహరున్నీసా అద్దం సందు నుంచి సుంకమ్మ పీట దాకా చీకట్లో తడుముతూ జానలతో కొలిచింది. తర్వాత, "అక్కా, ఒక్కసారి లేచి మెట్ల దగ్గర నిలబడతావా?" అంది.

సుంకమ్మ లేచి వెళ్ళింది. సందుకు పెట్టిన కంబళి తీసేసి, ఆమె పీట మీద ఓబిలేసు కూర్చుని తిప్పాడు. వలయం ఉందా లేదా అన్నట్టు వచ్చింది. అచ్చం ఆదివారం రాత్రి లాగే.

ఆదివారం రాత్రి. చెయ్యి మంచిది కాదనుకున్నాడు.

"బిళ్ళను బయటికి తీయండి," అంది మెహరున్నీసా. ఇప్పుడు ఆమె గొంతులో నిదానం లేదు. "ప్రతి ప్రాణీ వెలుగుతుందన్నా. మీరూ నేనూ అందరం. కంటికి కనపడని వెలుగు, చాలా తక్కువ. ఒంట్లో కణాలు దెబ్బతింటే మాత్రం ఎక్కువవుతుంది. ఎవరి కెమెరాకూ ఇంత సులువుగా చిక్కదు. ఈ బిళ్ళకు చిక్కుతుందని నేనూ అనుకోలేదు."

బిళ్ళను అట్టపెట్టెలో పెట్టి, పైన చెయ్యి పట్టేంత కంత చేశారు. చుట్టూ కంబళి. మొదట మెహరున్నీసా చెయ్యి పెట్టింది. తెర మీద మసక నీడ, గుర్తుపట్టడం కష్టం. తర్వాత ఓబిలేసు. అంతే. తర్వాత సుంకమ్మ తన గోధుమ గోళ్ళ చెయ్యి పెట్టింది.

అయిదు వేళ్ళూ వచ్చాయి. అరచేతి గీతలు వచ్చాయి. వేలికొసలు తెల్లగా మండుతున్నాయి.

సుంకమ్మ వంగి తెర చూసుకుంది. "అబ్బ, ఎంత బాగుండాది!" అంది సంబరంగా. "చూడరా ఓబిలేసూ, దేవత చెయ్యి మాదిరి!"

మెహరున్నీసా తెర వదిలి ఆ గోధుమ గోళ్ళ వైపు చూసింది.

"అక్కా, ఏం పని చేస్తావు నువ్వు?" అంది మెహరున్నీసా.

"ప్యాంట్ల ఫ్యాక్టరీలోమ్మా. ముందర కుట్టుడు. ఇప్పుడు వాషింగులో. కొత్త ప్యాంటు పాతదాని మాదిరి కనపడాల కదా, మోకాళ్ళ కాడ ఊదా రంగు మందు నీళ్ళు కొడతాము గన్నుతో. కొడితే ఆడ తెల్లబడతాది. రోంత ముక్కుకు ఘాటు, అంతే."

"ఎప్పటి నుంచి?"

సుంకమ్మ నోటుబుక్కు తిరగేసింది. మిద్దె మీది రాత్రులన్నీ అందులో ఉన్నాయి కాబట్టి తేదీలు వెతకడం కష్టం కాలేదు. "ఇదో, జనవరి పంతొమ్మిది. ఆ రోజు నుంచే రోజూ మిద్దెకు వస్తాండా."

వలయం మొదటిసారి తేలింది జనవరి ఇరవై ఏడున.

"కుట్టుపని వదిలి వాషింగుకు ఎందుకు మారావు అక్కా?"

సుంకమ్మ తమ్ముడి వైపు చూసి, చూపు దించుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంది. "వాషింగుకు పగటి షిఫ్టమ్మా. కుట్టుడుకైతే రాత్రి షిఫ్టు పడతాది," అంది మెల్లగా, అదేదో మామూలు విషయమన్నట్టు.

డిసెంబరు నెలంతా ఓబిలేసు ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. రాత్రిళ్ళు నువ్వు లేకపోతే నా పని సాగదక్కా, పగటి షిఫ్టు అడుక్కో, యాడైనా సరే, ఏ సెక్షనైనా సరే. 'ఏ సెక్షనైనా సరే' అన్నాడు. ఆ మాట తన నోటితోనే అన్నాడు.

"నేనే," అన్నాడు మెహరున్నీసాతో. మళ్ళీ అదే అన్నాడు. "నేనే మేడం."

"ఏందిరా నువ్వు? చంటిపిల్లోని మాదిరి," అంది సుంకమ్మ. "నువ్వేమన్నా గన్ను పట్టినావా?"

*

అనంతపురం పెద్దాసుపత్రిలో తిరగడానికి అయిదు రోజులు పట్టింది. చెయ్యి ఫొటో చూపిస్తే డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటి, ఎక్స్‌రేనా? స్కానా?" అన్నాడు. అదీ కాదు ఇదీ కాదంటే పక్కన పెట్టేశాడు. మెహరున్నీసా వెంటపడి పట్టుబట్టి ఊపిరితిత్తుల పరీక్షలన్నీ చేయించింది. రిపోర్టు చూశాక డాక్టరు గొంతు మారింది. లోపల వాపు ఉందనీ, గీతలు పడుతున్నాయనీ చెప్పాడు. "ఈ పని ఈ రోజే మానేయాలమ్మా. ఇప్పుడే మానితే కొంత తిరిగొస్తుంది. కొంత రాదు," అన్నాడు.

ఎంత తిరిగొస్తుంది, ఎంత రాదు అని ఓబిలేసు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన అదే చెప్పాడు.

బయట బెంచీ మీద కూర్చుని సుంకమ్మ ఆసుపత్రి ఇడ్లీ తింటూ, "మూడు నెల్లు నన్నే ఫొటోలు తీసినావు. ఒక్కదాంట్లో కూడా మొహం రాలేదే?" అంది.

అప్పుడొచ్చింది ఓబిలేసుకు ఏడుపు. నలుగురూ తిరిగి చూసేలాగా ఏడ్చాడు. సుంకమ్మ ఇడ్లీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, అంతే. పట్టపగలు అందరి చేతుల లాగే ఉంది.

తర్వాత వారం ఇంకా చిరాకుగా గడిచింది. వాషింగులో ఇంకా పదముగ్గురు ఆడవాళ్ళున్నారు. సుంకమ్మ ఇంటింటికీ తిరిగి నలుగురిని మిద్దె మీదికి తీసుకొచ్చింది. పెట్టెలో చేతులు పెట్టించి ఫొటోలు తీశారు. నాలుగు చేతులూ వెలిగాయి. అందరికంటే చిన్నది, ఇరవై రెండేళ్ళ పిల్ల చెయ్యి అందరికంటే తెల్లగా వెలిగింది. ఆ ఫొటోలు పట్టుకుని ఓబిలేసు ఫ్యాక్టరీ మేనేజరు దగ్గరికి పోతే, "ఏముందప్పా ఇందులో, తెల్లమచ్చలు," అన్నాడు. కార్మికుల ఆఫీసుకు పోతే, ఇట్లాంటి ఫొటో సాక్ష్యంగా తీసుకునే పద్ధతి లేదన్నారు. ఏ పుస్తకంలోనూ లేని పరీక్షట. మీకు కనిపించేది మాకు కనిపించలేదు అన్నట్టే మాట్లాడారు. ఆ మాట ఓబిలేసుకు కొత్త కాదు. ఈసారి మాత్రం ఆ వెలుగు నిజమైనది.

"వాళ్ళు ఒప్పుకునే పరీక్షలతోనే పోదాం," అంది మెహరున్నీసా ఫోనులో. "నలుగురికీ ఊపిరితిత్తుల పరీక్ష రాయించాను. మన ఫొటోలూ ఆ రిపోర్టులూ పక్కపక్కన పెట్టి నేను పేపరు రాస్తాను. ఆకాశం పేరు మీద ల్యాబు గది పోయినట్టే. దీని మీద మిగులుతుందేమో చూస్తా."

"ఎన్నాళ్ళు పడతాది మేడం?"

"ఏడాది పట్టొచ్చు."

ఏడాది! ఆ పిల్ల ఏడాది పాటు ఊదా నీళ్ళు కొట్టాలా? ఫోన్ పెట్టేశాక ఓబిలేసు అంగడి షట్టరు దడేల్మని కిందికి లాగి నేరుగా ఆ పిల్ల ఇంటికి పోయాడు. వాళ్ళమ్మతో గంటసేపు వాదించాడు. అద్దాలు అరగదీయడం నేర్పిస్తా, రేపటి నుంచి అంగడికి పంపించమ్మా అన్నాడు. చూద్దాంలే అన్నారు. చూద్దాంలే అంటే ఏమిటో ఆయనకు తెలుసు. రేపు మళ్ళీ పోతాడు.

*

ఆ సాయంత్రం సంఘం నుంచి నాలుగో జాబు వచ్చింది. పెన్నోబిలేసు-1 మీద మీ జవాబు కోసం చూస్తున్నాం, ఉంచమంటారా, తీసేయమంటారా అని. తీసేయాలంటే ఒక కాగితం నింపాలి. అందులో కారణం అని ఒక గడి.

మిద్దె మీద కూర్చుని ఓబిలేసు ఆ గడిలో రాస్తూ చెరిపేస్తూ ఉన్నాడు. టెలిస్కోపులో వెలుగు దూరింది అని రాశాడు. అది నిజమే, కానీ ఏ వెలుగని వాళ్ళు అడిగితే? అద్దం చుట్టూ సందు అని రాశాడు. చెరిపేశాడు. నా తప్పు అని రాశాడు. ఎవడికి కావాలి ఆయన తప్పు?

సుంకమ్మ మెట్లెక్కి వచ్చింది. నాలుగు మెట్లకొకసారి ఆగింది. పీట లాక్కుని కూర్చుని, అలవాటుగా నోటుబుక్కు తీసింది.

"ఏం రాసినావు?"

చెరపగా చెరపగా మిగిలింది చదివి వినిపించాడు. "అది నీహారిక కాదు. మా అక్క."

ఆమె నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంది. "ఉత్త అక్క అంటే యాడనో ఉండే వాళ్ళకు ఎట్ల తెలుస్తాదిరా? పేరు రాయి."

ఓబిలేసు ఆ కాగితం పై వరసకు పోయి, వస్తువు పేరు అన్న చోట తన పేరు కొట్టేసి 'సుంకమ్మ' అని రాశాడు. కింద కారణం గడిలో ఉన్నది ఉన్నట్టే వదిలి పంపించాడు. తర్వాత లేచి, రోజూ రాత్రి తీసేసే బల్బును మెట్ల దగ్గర మళ్ళీ బిగించాడు, ఆమె దిగేటప్పుడు మెట్లు కనపడాలని.

బల్బు వెలిగింది. సుంకమ్మ ఆ వెలుగులో కళ్ళు చికిలించి టైము చూసుకుంది. నోటుబుక్కులో కొత్త వరసలో రాసింది. 8:40, దీపం కొండెక్కలేదు.